పిలవని పేరంటానికొచ్చిన గుల్ల

విశాఖ వన్‌టౌన్‌లో పాత పోస్టాఫీసు దాటి రేవు వైపు నడిస్తే మూడు గుట్టలు ఆనుకుని కనిపిస్తాయి. ఒకదాని మీద మేరీమాత చర్చి, ఒకదాని మీద ఇసాక్ మదీనా బాబా దర్గా, మూడోదాని మీద వేంకటేశ్వరస్వామి గుడి. చర్చి ఉన్న గుట్టను రాస్ హిల్ అంటారు. మెట్లెక్కి పైకొచ్చినవాళ్లు మొక్కు తీర్చుకున్నాక అప్రయత్నంగా దక్షిణానికి తిరుగుతారు. ఎదురుగా డాల్ఫిన్స్ నోస్ కొండ, దానికీ ఈ గుట్టలకూ మధ్య సన్నటి నీటిబాట. ఆ బాటలో ఒక పెద్ద ఓడ టగ్గుల సాయంతో మెల్లగా లోపలికి వస్తుంటే పిల్లలే కాదు, పెద్దలూ పిట్టగోడ దగ్గర నిలబడిపోతారు. ఓడ మీది క్రేన్లు, జెండా, వంతెనలాంటి పైఅంతస్తు అన్నీ కళ్లకు ఆనుతాయి. ఈ కథనం మాత్రం కళ్లకు ఆనని భాగం గురించి. నీటి గీతకు కింద, ఓడ పొట్టకు, రేవు గోడకు, జెట్టీ కాళ్లకు అంటుకుని బతికే ఒక గుల్ల గురించి.

బొటనవేలి గోరంత ఉంటుంది. బాగా పెరిగితే రెండున్నర, మూడు సెంటీమీటర్లు. శాస్త్రజ్ఞులు దాన్ని మైటిలాప్సిస్ సల్లీ అంటారు. మనం నల్లచారల ఆల్చిప్ప అనుకుందాం. దాని పుట్టిల్లు ఇక్కడికి సగం భూగోళం అవతల, కరీబియన్ సముద్రం, మెక్సికో సింధుశాఖ. ఇప్పుడది ముంబయిలో ఉంది, సింగపూర్‌లో ఉంది, హాంకాంగ్‌లో, తైవాన్‌లో, జపాన్‌లో ఉంది. కానీ భారతదేశంలో అది మొదట కంటపడింది మాత్రం మన విశాఖ రేవులో, 1967 ప్రాంతంలో.

అది ఇక్కడెందుకు నిలదొక్కుకుందో తెలియాలంటే రేవు పుట్టుక తెలియాలి. ఇప్పుడు ఇన్నర్ హార్బర్ అంటున్న చోట వందేళ్ల కిందట ఉన్నది ఉప్పుటేరు. పోటుకు నిండి, ఆటుకు బురద తేలే చిత్తడి, అంచుల్లో మడచెట్లు. మేఘాద్రిగెడ్డ, నరవగెడ్డ కొండల నీళ్లు తెచ్చి అందులో కలిపేవి. మధ్యపరగణాల మాంగనీసు ఖనిజానికి తూర్పు తీరాన ఒక దారి కావాలన్న ఆలోచన పందొమ్మిదో శతాబ్దంలోనే ఉంది. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత అది ఊపందుకుంది. బెంగాల్ నాగపూర్ రైల్వే ఒకవైపు రాయపూర్ నుంచి కొండలు తొలిచి పట్టాలు వేసుకుంటూ, మరోవైపు ఉప్పుటేరును తవ్విస్తూ వచ్చింది. సముద్రం ఇసుకను తెచ్చి ముఖద్వారాన్ని పూడ్చేయకుండా రెండు పాత ఓడలను తెచ్చి అక్కడ ముంచి, వాటినే అడ్డుకట్టకు పునాది చేశారు. ఓడలు రావడానికి ఓడలనే ముంచిన ఆ ఉపాయం గురించి ఈ ఊళ్లోనే చాలామందికి తెలియదు. 1933 అక్టోబరు 7న సింధియా కంపెనీ వారి ‘జలదుర్గ’ లోపలికి వచ్చిన మొదటి ప్రయాణికుల ఓడ. ఆ డిసెంబరులో వైస్రాయి విల్లింగ్డన్ వచ్చి లాంఛనంగా ప్రారంభించాడు. 1941లో వాల్‌చంద్ హీరాచంద్ నౌకానిర్మాణ కేంద్రం, 1948లో నెహ్రూ చేతుల మీదుగా ‘జలఉష’ జలప్రవేశం, తర్వాత నౌకాదళం, 1970ల్లో జపానుకు ఇనుపఖనిజం పంపడానికి ఔటర్ హార్బర్ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఇవాళ లోపలి రేవు నీటి విస్తీర్ణం సుమారు 100 హెక్టార్లు, బయటిది 200.

చరిత్రలో ఇదంతా మనుషుల ఘనకార్యం. నీటి జీవుల వైపు నుంచి చూస్తే జరిగింది వేరు. బురదనేల పోయి గట్టినేల వచ్చింది. చిత్తడిలో పట్టుకుని వేలాడటానికి మడవేళ్లు తప్ప ఏమీ ఉండేవి కావు. ఇప్పుడు కిలోమీటర్ల పొడవున కాంక్రీటు గోడలు, ఉక్కు పైళ్లు, బోయాలు, గొలుసులు, ఎప్పుడూ కట్టేసి ఉండే బార్జీలు. అంటుకుని బతికే జీవికి ఇంతకన్నా కావలసిందేముంది? పైగా నీళ్లు ఒక తీరుగా ఉండవు. వేసవిలో సముద్రమంత ఉప్పు, వానాకాలంలో గెడ్డలు పొంగితే చప్పనీళ్లు. దానికితోడు ఊరి మురుగు, ఫ్యాక్టరీల వ్యర్థం. నిఖార్సైన సముద్రజీవులు చాలావరకు తట్టుకోలేని ఈ గజిబిజి నీళ్లలో నల్లచారల ఆల్చిప్ప హాయిగా బతుకుతుంది. దాదాపు మంచినీళ్ల నుంచి లీటరుకు 50 గ్రాముల ఉప్పున్న నీళ్ల దాకా ఓర్చుకుంటుంది. సముద్రంలో ఉండేది 35 గ్రాములే. నెల తిరిగేసరికి ఈడుకొస్తుంది, వేల సంఖ్యలో గుడ్లు వదులుతుంది. పట్టులాంటి దారాలు తానే వడికి గోడకు కట్టుకుంటుంది. చోటు చాలకపోతే ఒకదాని మీద ఒకటి కట్టుకుని, జానెడు మందాన పొర పేరుస్తుంది.

దీన్ని ముందుగా గుర్తించినవాళ్లు ఆంధ్ర విశ్వవిద్యాలయం జంతుశాస్త్ర విభాగం వాళ్లు. ఆచార్య పి.ఎన్.గణపతి ఆధ్వర్యంలో ఆ విభాగం సముద్రజీవుల మీద, ముఖ్యంగా రేవులో కొయ్యను తొలిచే పురుగుల మీద, ఓడలకు పట్టే జీవుల మీద ఎన్నో ఏళ్లు పనిచేసింది. పద్ధతి చూస్తే చాలా సాదాసీదా. ఒక పలకను తాడు కట్టి నీళ్లలో దించడం, కొన్నాళ్లకు పైకి లాగి దానికి ఏమేం పట్టిందో లెక్కపెట్టడం. ఖరీదైన పరికరం ఏదీ అక్కర్లేదు, ఓపిక ఒక్కటే కావాలి. కొత్త గుల్ల వివరాలను గణపతి, ఎం.వి.లక్ష్మణరావు, ఎ.జి.వర్గీస్ 1971లో ‘కరెంట్ సైన్స్’ పత్రికలో రెండు పుటల్లో ప్రకటించారు. అప్పటికి దాని శాస్త్రీయనామం కాంజీరియా సల్లీ. ఇవాళ ఏ దేశంలో ఈ జీవి గురించి ఎవరు రాసినా ఆ రెండు పుటల దగ్గరికి రావలసిందే. విశాఖ గురించి ఊరి బయట చెప్పుకునే గొప్పల్లో ఇది ఎందుకు లేదో నాకు అర్థం కాదు.

సరే, గుర్తించాం. మరి తీసేయలేమా?

తీసేసిన ఊరు ఒకటుంది. ఆస్ట్రేలియా ఉత్తరాన డార్విన్. 1999 మార్చి నెలాఖరులో అక్కడి కల్లెన్ బే మెరీనాలో ఈతగాళ్లు సర్వే చేస్తుంటే ఇదే గుల్ల దొరికింది. ఆరు నెలల ముందు చూసినప్పుడు ఒక్కటీ లేదు. ఇప్పుడు కొన్నిచోట్ల చదరపు మీటరుకు 23,650. పక్కనే ఉన్న మరో రెండు పడవల రేవుల్లోనూ కనబడింది. అక్కడి ప్రభుత్వం తాత్సారం చేయలేదు. రోజుల్లోనే రేవుల్ని మూసేసి, నీళ్లలోకి క్లోరిన్ ద్రావణం, మైలుతుత్తం గుమ్మరించింది. వందన్నర టన్నులకు పైగా క్లోరిన్ మందు, టన్నులకొద్దీ మైలుతుత్తం. ఆ నీళ్లలో ఉన్న చేపలు, పీతలు, నత్తలు అన్నీ పోయాయి. గుల్లా పోయింది. ఇరవై లక్షల ఆస్ట్రేలియా డాలర్లకు పైగా ఖర్చయింది. ఆ తర్వాత ఎంత వెతికినా మళ్లీ కనబడలేదు. చచ్చిన నీళ్లలోకి బయటి సముద్రం నుంచి స్థానిక జీవులు తిరిగొచ్చి చేరాయి. ఇలా ఊడబెరికిన సముద్రజీవి ఉదాహరణలు ప్రపంచంలో వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని.

డార్విన్ చేయగలిగింది విశాఖ ఎందుకు చేయలేదన్న ప్రశ్నకు డబ్బు, తొందర, ప్రభుత్వ పట్టుదల అంటూ చాలా జవాబులు వస్తాయి. నాకు వాటన్నిటికన్నా ఆసక్తిగా అనిపించింది ఆటుపోట్ల లెక్క. డార్విన్‌లో పెద్దపోటు, ఆటుల మధ్య తేడా దాదాపు 8 మీటర్లు. ఆటు వచ్చిందంటే పడవలన్నీ బురదలో కూర్చుంటాయి. అందుకే ఆ రేవులకు ముందే తలుపులు పెట్టుకున్నారు, నీళ్లను లోపల బంధించి ఉంచడానికి. గుల్లను చంపాల్సి వచ్చినప్పుడు ఆ తలుపులే అక్కరకొచ్చాయి. విశాఖలో తేడా ఒకటిన్నర మీటరు. సముద్రం మనతో నెమ్మదిగానే ఉంది కనుక తలుపుల అవసరమే రాలేదు. ఇన్నర్ హార్బర్ రేయింబవళ్లు తెరిచి ఉన్న వాకిలి. 100 హెక్టార్లను సగటున 10 మీటర్ల లోతనుకున్నా వెయ్యి కోట్ల లీటర్ల నీళ్లు. అందులో ఎంత మందు కలిపినా తర్వాతి పోటు కొంత పలచబరుస్తుంది, తర్వాతి ఆటు కొంత బయటికి, మత్స్యకారుల వలల్లోకి మోసుకుపోతుంది. గుల్ల పిల్లలు కంటికి కనబడనంత చిన్నవి, నీళ్లతోపాటే తిరిగొస్తాయి. పైగా మనకు దొరికేసరికి అది స్థిరపడిపోయింది.

విశాఖలో తలుపులున్న చోటు లేకపోలేదు. హిందుస్థాన్ షిప్‌యార్డ్‌లో, నౌకాదళ డాక్‌యార్డ్‌లో డ్రైడాక్‌లు ఉన్నాయి. షిప్‌యార్డ్ డ్రైడాక్‌లో 70,000 టన్నుల మోత ఓడ పడుతుంది. ఓడను లోపలికి తెచ్చి, తలుపు మూసి, నీళ్లు తోడేస్తారు. కొన్ని గంటల్లో మూడంతస్తుల ఉక్కు పొట్ట పొడినేల మీద, దిమ్మల మీద నిలబడి ఉంటుంది. దానికి పట్టిన పాకుడు, గుల్లలు, బార్నకిల్స్ అన్నిటినీ గోకుడుపలకలతో, అధికపీడన నీటిధారలతో వదలగొడతారు. పొట్ట గరుకైతే ఓడ నీటిని చీల్చలేదు, వేగం తగ్గుతుంది, చమురు ఎక్కువ తాగుతుంది. ఇంజను చల్లబరచడానికి సముద్రపునీళ్లు లాగే గొట్టాల్లో గుల్ల పేరుకుంటే ఇంజనుకే ముప్పు. అంటే డార్విన్ ఒక్కసారి చేసిన పనిని విశాఖ ఓడ తర్వాత ఓడగా, ఏళ్ల తరబడి చేస్తూనే ఉంది. ఓడ బాగవుతుంది. రేవు మారదు.

శుభ్రం చేశాక పొట్టకు మళ్లీ గుల్ల పట్టకుండా రంగు వేస్తారు. ఇక్కడ ఒక పాత పాఠం ఉంది. 1960ల నుంచి టీబీటీ అనే తగరపు సమ్మేళనం కలిపిన రంగు ప్రపంచమంతా వాడారు. గుల్లల మీద అమోఘంగా పనిచేసింది. కానీ రంగులోంచి కరిగి నీళ్లలోకి దిగిన ఆ మందు ఏ గుల్ల అని చూడదు కదా. ఆడ నత్తలకు మగ అవయవాలు మొలిచాయి, అవి గుడ్లు పెట్టలేకపోయాయి. ఫ్రాన్స్‌లో ఆర్కషాన్ అఖాతంలో పెంచుకునే ఆల్చిప్పల పంట 1970ల చివర్లో దెబ్బతింది. అక్కడ 1982లోనే చిన్న పడవల మీద ఆంక్షలు పెట్టారు. అంతర్జాతీయ నిషేధం అమల్లోకి వచ్చేసరికి 2008. పిలవని అతిథిని వెళ్లగొట్టబోయి ఇంట్లోవాళ్లకు విషం పెట్టినట్టయింది. రేవుల అడుగు బురద అలాంటివాటిని తొందరగా మరిచిపోదు. తవ్వి పూడిక తీసిన ప్రతిసారీ పైకి లేస్తాయి.

ఇంతవరకూ ఉప్పునీటి సంగతి. గెడ్డల వెంట పైకి నడిస్తే మంచినీటి అతిథులు ఎదురవుతారు. వాళ్లలో ఒకరిని పిలిచి కూర్చోబెట్టింది మనమే. దోమల లార్వాలను తింటుందని గంబూసియా చేపను 1928లో మన దేశానికి తెచ్చారు. అమెరికా చేప, గుడ్లు పెట్టకుండా నేరుగా పిల్లల్ని కంటుంది. మలేరియాకు పేరుపడిన విశాఖలో ఇవాళ్టికీ మున్సిపల్ సిబ్బంది దాన్ని కాలువల్లో, చెరువుల్లో వదులుతుంటారు. దోమపిల్లలతో పాటు కప్పపిల్లల్ని, స్థానిక చేపల గుడ్లనూ అది తింటుంది. ప్రపంచంలోని వంద చెడ్డ ఆగంతుక జీవుల జాబితాలో గంబూసియా పేరుంది. 1952లో తెచ్చి 1959కల్లా పెంపకం వద్దన్న తిలాపియా పేరూ ఉంది. వద్దన్నా తిలాపియా ఆగలేదు, ఇప్పుడు సంతలో తట్టల్లో కనబడుతుంది. తినగలిగిన చేప కనుక దానిమీద ఎవరికీ పెద్దగా కోపం లేదు.

కోపమంతా దెయ్యం చేప మీదే. అక్వేరియం అద్దాలకు పట్టిన నాచును నాకి శుభ్రం చేస్తుందని కొనుక్కునే సక్కర్ చేప అది. ఊరు దక్షిణ అమెరికా. అద్దాలపెట్టెలో అరచేయంత ఉన్నంతసేపే ముద్దు. మూరెడు పెరిగాక ఎక్కడికైనా తీసుకెళ్లి చెరువులో వదిలేస్తారు. ఒళ్లంతా ఎముకపెంకుల కవచం, రెక్కలకు గట్టి ముళ్లు. వలలో పడితే వలను చింపుతుంది, కొనేవాడు ఉండడు, గట్టున పడేసినా చాలాసేపు చావదు. చెరువుగట్లకు బొరియలు చేసి గుడ్లు పెడుతుంది. హైదరాబాద్ సీసీఎంబీ పరిశోధకులు తూర్పుకనుమల్లో దీని జాడ తీయడానికి చేపలు పట్టలేదు. నీళ్లను సీసాల్లో పట్టుకెళ్లి, చేప ఒంటి నుంచి నీళ్లలో రాలిన డీఎన్ఏ ఆనవాళ్లు వెతికారు. పరీక్షించిన నీటివనరుల్లో 60 శాతానికి పైగా అది ఉందని తేలింది. సీసాడు నీళ్లు చూసి చెరువులో ఎవరున్నారో చెప్పేయడం వింతగా లేదూ? డార్విన్ కథలో అసలు విజయం మందుది కాదు, ఆరు నెలల్లోపే చూడటానిది. ఆ చూపు ఇప్పుడు ఇంత తేలికైంది.

చేపను ఏటి నుంచి తీసేస్తే ఏమవుతుందో పూర్తిగా రాసిపెట్టిన కథ దక్షిణాఫ్రికాలో ఉంది. సెడర్‌బర్గ్ కొండల్లో రోండెగాట్ అనే చిన్న ఏరు. గాలంతో వేటాడే సరదా కోసం ఆ దేశానికి తెచ్చిన అమెరికా బాస్ చేప అందులోకి చేరి, కింది భాగంలో స్థానిక చిరుచేపల్ని తుడిచిపెట్టింది. పైన ఒక జలపాతం అడ్డుండటంతో దానికి ఎగువన మాత్రం పాత చేపలు మిగిలాయి. 2012లో ఒకసారి, 2013లో ఇంకోసారి కేప్‌నేచర్ సంస్థ సుమారు 4 కిలోమీటర్ల మేర రొటెనోన్ మందు వదిలింది. డెర్రిస్ జాతి తీగల వేళ్లలో దొరికే విషం అది, మొప్పలతో ఊపిరి పీల్చేవాటిని చంపుతుంది. మన మన్యంలో మంగకాయలు దంచి మడుగులో కలిపి చేపలకు మత్తెక్కించి పట్టే పద్ధతికి ఇది దూరపు చుట్టం. బాస్ పోయింది. మందు దెబ్బకు నీటిపురుగులు కూడా మొదట తగ్గిపోయి, ఏడాది తిరిగేసరికి చాలావరకు కోలుకున్నాయి. జలపాతం పైనుంచి స్థానిక చేపలు కిందికి దిగి ఖాళీ అయిన మడుగుల్ని నింపాయి.

డార్విన్‌కు తలుపులు, రోండెగాట్‌కు జలపాతం. రెండుచోట్లా పిలవని అతిథి ఇంకా ముందుకు పాకకుండా ఒక అడ్డు, ఖాళీ అయిన చోటును నింపడానికి పక్కనే పాతకాపులు. విశాఖ లోపలి రేవుకు అడ్డు లేదని చూశాం. పాతకాపుల మాట ఇంకా చిక్కు. నల్లచారల ఆల్చిప్ప లేని ఇన్నర్ హార్బర్‌లో ఎవరుండాలి? ఉప్పుటేరు జీవులా? ఆ ఉప్పుటేరు 1933కే లేదు. గోడలు, పైళ్లు ఖాళీగా ఉండవు, వారాల్లో ఏదో ఒకటి పడుతుంది. మన తీరపు బార్నకిల్స్, ఆల్చిప్పలు పట్టవచ్చు. ఆ మురుగునీటిని ఓర్చుకోగల ఇంకో విదేశీ గుల్లా పట్టవచ్చు. అలాంటిది దూరంలో కూడా లేదు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన మైటెల్లా స్ట్రైగాటా కేరళ బ్యాక్‌వాటర్లను ఆక్రమించి, తూర్పు తీరంలో ఎన్నూరు నుంచి పులికాట్ దాకా వచ్చింది. అక్కడ రొయ్యలు దొరికే బురదనేలను అది చాపలా కప్పేస్తోందని మత్స్యకారులు మొత్తుకుంటున్నారు. కాబట్టి విశాఖలో గుల్లను గోకడంకన్నా ముందు గెడ్డల్లోకి దిగే మురుగును ఆపడం మీద ఖర్చు పెట్టడమే నయమని నాకనిపిస్తుంది. నీళ్లు బాగుపడితే పోటీకి నిలబడగలిగిన మనవాటికీ అవకాశం దొరుకుతుంది. మేఘాద్రిగెడ్డ రేవులో కలిసే చోట, రన్‌వే శబ్దాల మధ్య, మడచెట్లు కొన్ని ఇప్పటికీ ఉన్నాయి.

కొత్తవి రాకుండా చూసే కట్టుబాటు కూడా ఒకటి మొదలైంది. సరుకు లేని ఓడ తూలకుండా పొట్టలో సముద్రపునీళ్లు నింపుకుని బయల్దేరుతుంది, సరుకెక్కే రేవులో ఆ నీళ్లు వదిలేస్తుంది. ఆ నీళ్లలో లార్వాలు, నాచు, చేపపిల్లలు. 2004లో కుదిరిన అంతర్జాతీయ ఒడంబడిక 2017 సెప్టెంబరు 8 నుంచి అమల్లోకి వచ్చింది. దాని కింద ఓడలు ఆ నీళ్లను శుద్ధిచేసే యంత్రాలు పెట్టుకోవాలి. ఖనిజం ఎగుమతి చేసే రేవులకు ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే అక్కడికి ఖాళీ ఓడలే వస్తాయి. విశాఖ బతికిందే ఖనిజం మీద.

చూడాలనుకునేవారికి: పోర్టు లోపలికి, షిప్‌యార్డ్‌లోకి, డాక్‌యార్డ్‌లోకి అనుమతి లేనిదే వెళ్లలేరు. రాస్ హిల్‌కు మాత్రం ఏ పాసూ అక్కర్లేదు. ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి పాత పోస్టాఫీసు వైపు వెళ్లే బస్సు ఎక్కి దిగితే అక్కడినుంచి నడకదూరం. ఓడల కదలిక పొద్దున, సాయంత్రం వెలుగులో బాగా కనిపిస్తుంది. ఫిషింగ్ హార్బర్‌కు తెల్లవారుజామున వెళ్తే చేపల వేలంతో పాటు, మరమ్మతుకు గట్టెక్కించిన బోట్ల అడుగులు కూడా చూడొచ్చు. పొట్టకు పట్టిన గుల్లల్ని గోకుతున్నవాళ్లను అడిగితే ఏది ఎంత మొండిదో చెబుతారు. ఓడ కింది భాగం పూర్తిగా ఎలా ఉంటుందో చూడాలంటే ఆర్కే బీచ్‌లో కురుసుర ఉంది. 91 మీటర్ల ఈ జలాంతర్గామి 1969 నుంచి 2001 వరకు నౌకాదళంలో పనిచేసి, 2002లో ఇసుక మీదికెక్కి మ్యూజియం అయింది. సోమవారం సెలవు. లోపలికి వెళ్లే తొందరలో చాలామంది దాని పొట్టను పట్టించుకోరు. ఒక్కసారి చుట్టూ తిరిగి, సముద్రపునీళ్లు లోపలికి వెళ్లే రంధ్రాలు ఎక్కడెక్కడున్నాయో వెతకండి. గుల్లలు ముందుగా చేరేది వాటిలోకే.